ఆగస్టు 29 ప్రసంగానికి ఎవరిని ఎంచుకోవాలి? సింధు, మల్లీశ్వరి, ఉష, నీరజ్, ఇంకొందరి పోలిక

పంద్రాగస్టు జెండా కార్యక్రమం అయిందో లేదో తిరుపతిలో బడికి పోయే పిల్లలున్న ఇళ్ళలో ఇంకో హడావిడి మొదలవుతుంది. జాతీయ క్రీడా దినోత్సవానికి వక్తృత్వ పోటీ, ప్రముఖ క్రీడాకారుడు లేదా క్రీడాకారిణి గురించి మూడు నిమిషాలు అని డైరీలో రాసి పంపుతారు. నాన్న ధోనీ అంటాడు, అమ్మ సింధు అంటుంది, తాత ఉంటే ధ్యాన్‌చంద్ తప్ప ఇంకెవరూ కనబడరు ఆయనకి, చివరికి ఫోన్‌లో మొదట దొరికిన వ్యాసాన్ని బట్టీ పట్టించి పంపేస్తారు. మా వీధి పిల్లలకు ఈ ప్రసంగాలు నేర్పిస్తుంటాను, ఒకటీ అరా బడిలో జడ్జిగానూ కూర్చున్నాను కాబట్టి ఏ పేరు ఎలాంటి పిల్లకి నప్పుతుందో, ఏది వద్దో నాకు తోచినంత ఇక్కడ రాస్తున్నాను.

పేరు కంటే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు, ఆ క్రీడాకారుడి జీవితంలో అర నిమిషంలో కళ్ళకు కట్టేలా చెప్పగలిగే ఒక్క ఘట్టం ఉందా లేదా చూడండి. మూడు నిమిషాలంటే చేతిరాతలో పేజీన్నర, అంతే. ఇరవై ఏళ్ళ కెరీర్‌ని దాంట్లో కూరితే పతకాల పట్టిక చదివినట్టుంటుంది, ఐదో వాక్యానికే జడ్జి చూపు గోడ గడియారం మీదికి పోతుంది. ఒక్క మ్యాచ్, ఒక్క పరుగు, ఒక్క లిఫ్ట్ పట్టుకుని మిగతాదంతా దాని చుట్టూ నాలుగు మాటల్లో తేల్చేసిన ప్రసంగమే నిలబడుతుంది.

తర్వాత అంకెలు. మూడు చాలు, మహా అయితే నాలుగు. పైగా అవి పిల్ల నోట్లో తిరిగేవై ఉండాలి. ఒకటి తప్పు చెప్పినా, వింటున్న పీఈటీ సార్‌కి అది తెలిసిందంటే అక్కడితో సరి.

రద్దీ సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకే పోటీలో నలుగురు సింధు గురించి చెప్తే నాలుగో పిల్ల ఎంత బాగా చెప్పినా కొత్తగా ఉండదు. ఆటని ఎంత వివరించాలన్నదీ చూసుకోవాలి. షటిల్ అంటే ఎవరికీ చెప్పక్కర్లేదు, స్నాచ్ అంటే రెండు వాక్యాలు ఖర్చవుతాయి. ఇంకా, పిల్లకి ఆ ఆటతో ఏదైనా లంకె ఉంటే మంచిది. రోజూ సాయంత్రం శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్‌కి పోయి ఆడొచ్చే పిల్ల తన ఆట గురించి మాట్లాడితే గొంతులోనే తేడా తెలుస్తుంది.

పతకం రంగుని ఇందులో కావాలనే చేర్చలేదు. నాలుగో స్థానంలో ఆగిపోయిన ఉష గురించి చెప్పిన పిల్లలకే చప్పట్లు ఎక్కువ పడడం చూశాను.

| పేరు | పట్టుకోవాల్సిన ఘట్టం | తప్పక చెప్పాల్సిన అంకె | ఆటని వివరించాలా | రద్దీ |
|---|---|---|---|---|
| ధ్యాన్‌చంద్ | 1936 బెర్లిన్ ఫైనల్ | 8-1 | కొంచెం | ఎక్కువ |
| పి.వి. సింధు | 2019 బాసెల్ ఫైనల్ | 21-7, 21-7 | అక్కర్లేదు | చాలా ఎక్కువ |
| కరణం మల్లీశ్వరి | 2000 సిడ్నీ, చివరి లిఫ్ట్ | 240 కిలోలు | తప్పదు | తక్కువ |
| పి.టి. ఉష | 1984 లాస్ ఏంజెలిస్, గీత దగ్గర | సెకనులో వందో వంతు | కొంచెం | మధ్యస్థం |
| నీరజ్ చోప్రా | 2021 టోక్యో, రెండో త్రో | 87.58 మీటర్లు | అక్కర్లేదు | ఎక్కువ |
| వి.వి.ఎస్. లక్ష్మణ్ | 2001 కోల్‌కతా, నాలుగో రోజు | 281 | ఫాలో ఆన్ చెప్పాలి | తక్కువ |
| కోనేరు హంపి | 2019 మాస్కో, తల్లయ్యాక తిరిగి రావడం | రెండు మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్ళు | కొంచెం | తక్కువ |
| నాడియా కొమెనెచి | 1976 మాంట్రియల్ స్కోరు బోర్డు | 10 | ఒక వాక్యం | చాలా తక్కువ |

ధ్యాన్‌చంద్: రోజు ఆయనదే, అదే చిక్కు

ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, 1905లో. కాబట్టి హెడ్మాస్టరు స్వాగతోపన్యాసంలోనే ఆయన గురించి సగం చెప్పేస్తారు, మీ పిల్ల వంతు వచ్చేసరికి 1928, 1932, 1936 మూడు ఒలింపిక్ స్వర్ణాలూ అందరూ వినేసి ఉంటారు. అయినా ఆయనే కావాలంటే బెర్లిన్ ఫైనల్ ఒక్కటీ తీసుకోండి. ఒలింపిక్స్‌కి ముందు జరిగిన ప్రాక్టీస్ మ్యాచ్‌లో జర్మనీ మనవాళ్ళని 4-1తో ఓడించింది. వాన వల్ల వాయిదా పడిన ఫైనల్ 1936 ఆగస్టు 15న జరిగింది. సగం ఆట ముగిసేసరికి మనకున్నది ఒక్క గోలే, చివరికి స్కోరు 8-1. స్వాతంత్ర్యానికి సరిగ్గా 11 ఏళ్ళ ముందు అదే తేదీ అని పిల్ల చెప్పగానే హాల్లో ఒక కదలిక వస్తుంది.

హాకీ స్టిక్‌లో అయస్కాంతం ఉందేమోనని విరిచి చూశారన్న కథ, హిట్లర్ ఉద్యోగమిస్తానన్నాడన్న కథ మాత్రం వదిలేయండి. ప్రతి ఏడాదీ వినేవే, గట్టి ఆధారం అడిగితే చూపించలేం.

సింధు: తేలిక, కానీ గుంపులో కలిసిపోతుంది

సింధు గురించి సమాచారం ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచిన మొదటి భారతీయ మహిళ. అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులే, నాన్న రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. ఇదంతా అందరూ చెప్పేదే.

వేరేగా చెప్పాలంటే రియోని పక్కన పెట్టి జపాన్ క్రీడాకారిణి ఒకుహారాతో రెండు ఫైనల్స్ తీసుకోమంటాను. 2017 గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు సాగింది, మూడో గేమ్ 20-22తో పోయింది. మరుసటేడు ఫైనల్‌కి చేరి కరోలినా మారిన్ చేతిలో ఓడింది. 2019లో బాసెల్‌లో మళ్ళీ ఫైనల్, ఎదురుగా మళ్ళీ ఒకుహారా, ఈసారి 21-7, 21-7, మొత్తం 38 నిమిషాల్లో ముగిసింది. 110, 38, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే కథ అదే నడుస్తుంది, విశేషణాలు అక్కర్లేదు. మొదటిసారి మైకు పట్టుకునే పిల్లకి సింధు మంచి ఎంపికే, మధ్యలో మర్చిపోయినా ఏదో ఒకటి చెప్పుకుని గట్టెక్కొచ్చు.

మల్లీశ్వరి: ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకి నా మొదటి ఓటు

ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఈ పేరే తెలియదు, అది నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. శ్రీకాకుళం పక్క ఆమదాలవలసలో పెరిగిన అమ్మాయి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లోకి తీసుకున్నదే 2000 సిడ్నీలో. అంటే 1994, 1995ల్లో ఆమె ప్రపంచ చాంపియన్ అయినప్పుడు పోటీ పడడానికి ఒలింపిక్స్‌లో అసలు ఆ విభాగమే లేదు.

ఇక్కడ ఆటని వివరించక తప్పదు. స్నాచ్ అంటే బరువుని నేల మీంచి ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం. క్లీన్ అండ్ జర్క్ అంటే ముందు భుజాల దాకా, అక్కడ ఆగి మళ్ళీ పైకి. ఒక్కోదానికి మూడు ప్రయత్నాలు, రెండింటిలో ఎత్తిన ఎక్కువ బరువులు కలిపి మొత్తం. ఇది చెప్పేటప్పుడు పిల్ల చేతుల్తో చూపిస్తే చాలు, ముప్పై సెకన్ల మాటలు మిగుల్తాయి.

సెప్టెంబర్ 19, 69 కిలోల విభాగం. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 ఎత్తింది, మొత్తం 240. మొదటి ఇద్దరివీ 242.5 చొప్పున ఉన్నాయి. ఆమెకు చివరి ప్రయత్నం మిగిలి ఉంది, దానికి బార్ మీద 137.5 పెట్టించారు. అది లేచి ఉంటే మొత్తం 247.5, స్వర్ణం. లేవలేదు, కాంస్యంతో వెనక్కి వచ్చింది. పెద్ద బరువే అడగాలా, చిన్న మెట్టుతో సరిపెట్టుకోవాలా అన్నది మన ఇళ్ళలో ఎంసెట్ కౌన్సెలింగ్ రోజు జరిగే చర్చ లాంటిదే, కాబట్టి వినేవాళ్ళు కూడా మనసులో ఏదో ఒక పక్షం తీసుకుంటారు. చివర్లో 'మీరైతే ఎంత పెట్టించేవాళ్ళు?' అని పిల్ల సభని అడిగి ఒక్క క్షణం ఆగితే, ఆ ప్రసంగాన్ని జడ్జి మర్చిపోలేరు.

ఇబ్బందల్లా ఒకటే, అంకెలు ఎక్కువ. 110, 130, 240, 137.5 వరసగా తడబడకుండా రావాలి. ఐదో తరగతి పిల్లకి ఇది ఇస్తే టెన్షన్‌లో 130ని 310 చేస్తుంది. పెద్ద పిల్లలకే ఇవ్వండి. 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్స్‌లర్ అయిందన్నది చివరి వాక్యానికి పనికొస్తుంది.

ఉష, నీరజ్: ఇద్దరి మధ్య ఊగిసలాడేవాళ్ళకి

అథ్లెటిక్స్ కావాలనుకునే పిల్లలు ఎక్కువగా ఈ ఇద్దరి మధ్యే ఆగిపోతారు. ఉషది 1984, లాస్ ఏంజెలిస్, 400 మీటర్ల హర్డిల్స్. మూడో స్థానం వచ్చిన రుమేనియా అమ్మాయి టైము 55.41 సెకన్లు, ఉషది 55.42. పరుగు పందెంలో గీత దాటడం అంటే కాలు పెట్టడం కాదు, మొండెం ఆ గీతను చేరడం, ఇది చెప్తే వందో వంతు సెకను ఎంతో వాళ్ళకే అర్థమవుతుంది. అక్కడ ఆపేయకండి, ఏడుపు కథ అయిపోతుంది. రెండేళ్ళకే 1986 సియోల్ ఆసియా క్రీడల్లో 4 స్వర్ణాలు, ఒక రజతం, ఆ తర్వాత చాలా ఏళ్ళకి 2022లో భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు. కాస్త నెమ్మదిగా, భావంతో మాట్లాడే పిల్లలకి ఉష బాగా కుదురుతుంది.

నీరజ్ హుషారు పిల్లల సరుకు. టోక్యోలో రెండో త్రో విసిరాక ఈటె ఇంకా గాల్లో ఉండగానే వెనక్కి తిరిగి చేతులెత్తేశాడు. ఇది స్టేజి మీద చేసి చూపించొచ్చు, పిల్లలు ఎగబడి చేస్తారు కూడా. 87.58 మీటర్లు, 2021 ఆగస్టు 7, అథ్లెటిక్స్‌లో మనకి తొలి ఒలింపిక్ స్వర్ణం. మూడేళ్ళ తర్వాత పారిస్‌లో అంతకంటే దూరం, 89.45 విసిరినా వచ్చింది రజతం, ఎందుకంటే పాకిస్తాన్ క్రీడాకారుడు అర్షద్ నదీమ్ 92.97 విసిరాడు. ఎక్కువ విసిరినవాడికి తక్కువ పతకం ఎలా వచ్చిందని అడిగి తనే జవాబు చెప్పుకునే పిల్లకి నీరజ్‌ని ఇవ్వండి. ఎంతమంది నీరజ్‌ని తెచ్చినా పారిస్ దాకా వచ్చేవాళ్ళు తక్కువ, చాలామంది టోక్యోలోనే జై హింద్ అనేస్తారు.

క్రికెట్ తప్ప వద్దనే అబ్బాయిలు

ఒప్పించే ప్రయత్నం చేసి లాభం లేదు, కాబట్టి పేరు మార్పించండి. సచిన్ అంటే 100 అంతర్జాతీయ సెంచరీలు, 200 టెస్టులు, 15,921 పరుగులు అంటూ మూడు నిమిషాలూ అంకెలే సాగుతాయి. లక్ష్మణ్ అయితే ఒక్క రోజు చాలు. 2001 మార్చి, కోల్‌కతా, ఎదురుగా వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా. మనం మొదటి ఇన్నింగ్స్‌లో 171కి ఆలౌటై, 274 పరుగులు వెనకబడి, ఫాలో ఆన్ (బాగా వెనకబడిన జట్టు వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగడం) ఆడుతున్నాం. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో నెంబర్‌లో వచ్చి 59 కొట్టిన లక్ష్మణ్‌ని ఈసారి మూడో నెంబర్‌లో పంపారు. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతను, ద్రావిడ్, ఒక్క వికెట్టూ పడలేదు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, మ్యాచ్ మనదే, 171 పరుగుల తేడాతో. మొదటి ఇన్నింగ్స్ స్కోరూ 171, గెలుపు తేడా కూడా 171 కాబట్టి పిల్లాడికి గుర్తుండడానికి ఇదొక వెసులుబాటు.

క్రికెట్ తెలియని టీచరు జడ్జి అయితే ఫాలో ఆన్ దగ్గరే ముఖం తిప్పేస్తారు, అది చూసుకోండి. అమ్మాయిలు క్రికెట్ అంటే మిథాలీ రాజ్ ఉంది, వన్డేల్లో 7,805 పరుగులు, 2002లో ఇంగ్లండ్ మీద టెస్టులో 214. కానీ ఒక్క ఘట్టంగా చెప్పడానికి లక్ష్మణ్ అంత సులువుగా అమరదు.

హంపి

చదరంగం ఆడే పిల్ల అయితేనే. గుడివాడ అమ్మాయి, 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్, అప్పటికి ఆ హోదా పొందిన మహిళల్లో అందరికన్నా చిన్న వయసు. పెళ్ళీ, పాపా తర్వాత ఆటకి తిరిగొచ్చి 2019 డిసెంబర్‌లో మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే చదరంగం) చాంపియన్ అయింది, మళ్ళీ 2024లో న్యూయార్క్‌లో. ఎత్తులు వివరించబోతే ప్రసంగం మునుగుతుంది. తల్లుల ముందు జరిగే పోటీకి మాత్రం దీన్ని మించింది లేదు.

మన జిల్లా పేరు కావాలంటే

ఇ. రజని. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలంలోని పల్లె నుంచి భారత మహిళల హాకీ జట్టు గోల్‌కీపర్ దాకా వెళ్ళింది. టోక్యోలో ఆ జట్టు క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 1-0తో పడగొట్టి, కాంస్య పతక పోరులో బ్రిటన్ చేతిలో 3-4తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. గోల్ ముందు నిలబడింది సవితా పూనియా. రెండో గోల్‌కీపర్ రోజూ అంతే కష్టపడుతుంది, పిలుపు వస్తుందో రాదో తెలియకుండానే. ఈ మాట చెప్పగలిగే క్రీడాకారిణి మన పక్కనుంచే ఉంటే పిల్లలు వాడుకోరు, ఎందుకో మరి. సమాచారం తక్కువ దొరుకుతుంది నిజమే, గూగుల్ చేసి పేజీన్నర నింపలేరు, బళ్ళో హాకీ తెలిసిన పీఈటీ సార్‌తో ఓ గంట కూర్చోవాలి. ఓపికున్న తొమ్మిది, పది తరగతుల పిల్లలకే ఇది.

విదేశీ పేర్లు, చిన్న తరగతులు

మూడు, నాలుగు తరగతులకి నాడియా కొమెనెచి. 14 ఏళ్ళ రుమేనియా అమ్మాయి, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో పదికి పది వచ్చింది. ఒలింపిక్స్‌లో అంతకు ముందు ఎవరికీ రాలేదు, స్కోరు బోర్డుకి 10.00 చూపించే స్థోమతే లేదు, అందుకని 1.00 అని పడింది. చిన్న పిల్ల ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, నవ్వులూ చప్పట్లూ రెండూ వస్తాయి. చెప్పాల్సిన అంకె కూడా ఒక్కటే.

కొంచెం పెద్దవాళ్ళకి విల్మా రుడాల్ఫ్. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలికి ఇనుప పట్టీతో నడిచిన అమెరికా అమ్మాయి, 1960 రోమ్‌లో 100, 200, రిలే, మూడు స్వర్ణాలు. ఇదే దారిలో మన తెలుగు పేరు కావాలంటే వరంగల్ జిల్లా కల్లెడకి చెందిన దీప్తి జీవాంజి ఉంది, మేధోపరమైన లోపం ఉన్నవాళ్ళు పరిగెత్తే టీ20 విభాగంలో 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల కాంస్యం. ఇద్దరి విషయంలోనూ 'పాపం' అన్న మాట ప్రసంగంలో ఒక్కసారి కూడా రాకూడదని పిల్లకి ముందే చెప్పండి. దీప్తి అదే ఏడాది కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి వచ్చిన మనిషి.

ఇక ఎవరికి ఏది

మొదటిసారి మైకు పట్టుకుని భయపడే పిల్లకి సింధు, ఇంకా చిన్నదైతే నాడియా. నటించి చూపించడం ఇష్టమైతే నీరజ్. గొంతు నెమ్మది, మాట నిండు ఉంటే ఉష. అంకెల్లో గట్టివాళ్ళకీ, ప్రైజు కొట్టాలనే పంతం ఉన్నవాళ్ళకీ మల్లీశ్వరి. క్రికెట్ పిచ్చికి లక్ష్మణ్. బడిలోనే కాకుండా మండల స్థాయి, జిల్లా స్థాయి దాకా పోయే ఆలోచన ఉంటే రజని మీద కష్టపడొచ్చు, పైకి వెళ్ళేకొద్దీ అందరూ అవే నాలుగు పేర్లతో వస్తారు.

పేరు ఖాయం చేసుకున్నాక కనీసం ఒక్కసారి గడియారం పెట్టి నిలబెట్టి చెప్పించండి. కూర్చుని చదివితే మూడు నిమిషాలు పట్టేది స్టేజి మీద భయానికి రెండున్నరకే అయిపోతుంది, అట్లా అని ఇంకో పేరా కలపకండి, ఆ అర నిమిషం చప్పట్లకీ నమస్కారానికీ పోతుంది. జడ్జి ఒక ప్రశ్న అడుగుతారనుకుంటే అది దాదాపు ఎప్పుడూ 'ఆ తర్వాత ఏమైంది, ఇప్పుడేం చేస్తున్నారు?' అనే ఉంటుంది. దానికి ఒక్క వాక్యం సిద్ధం చేసి పంపండి.